పెట్రోలు పెరిగినప్పుడల్లా గుర్తొచ్చే కారు

మొన్నో ఆదివారం టిఫిన్ల దగ్గర మా వారు మెల్లగా కదిపారు. "నీ చీటీ ఇంకో రెండు నెలల్లో వస్తుంది కదూ?" అని. చట్నీ గిన్నె చేతిలో ఉండగానే నాకు విషయం అర్థమైపోయింది. నెలకు 6,000 చొప్పున 50 నెలలు ఇంటి ఖర్చులోంచి మిగిల్చి కట్టుకొస్తున్న చీటీ అది. 3 లక్షలు. పాప ఇంటర్ అయ్యాక హాస్టల్లో వేయాల్సొస్తే ఉంటుందని నా లెక్క.

ఆయన లెక్క వేరు. మా పాత కారు పన్నెండేళ్ళది, ఇక మార్చాలి. షోరూముకెళ్ళి చూసొచ్చారు. మామూలు పెట్రోలు కారుకీ, అదే కారులో హైబ్రిడ్ రకానికీ తేడా సరిగ్గా దాదాపు 3 లక్షలు. "2022 ఏప్రిల్‌లో మన హైదరాబాద్‌లో లీటరు 119 దాటలేదూ? ఇప్పుడు 107 దగ్గర ఉందని సంబరపడుతున్నాం గానీ మళ్ళీ పెరుగుతుంది. పెట్రోలు పెరిగే కొద్దీ హైబ్రిడ్డే లాభం" అన్నారు.

నేను కాదనలేదు, అవుననలేదు. కార్ల గురించి నాకు తెలిసింది రంగూ, డిక్కీ సైజూ. కానీ డబ్బు నాది కాబట్టి రెండు వారాల పాటు మధ్యాహ్నాలు, అందరూ వెళ్ళాక, కూర్చుని చదివాను. చదువుతుంటే అసలు కారు కంటే దాని కథే బాగుంది. మీకూ చెప్తాను.

ముందు హైబ్రిడ్ అంటే ఏమిటో నాకు అర్థమైన భాషలో చెప్తాను. మనం కుక్కరు రెండు విజిల్స్ రాగానే స్టవ్ ఆపేసి, లోపలి ఆవిరితోనే మిగతా పప్పు ఉడకనిస్తాం కదా, అలాంటి పొదుపు. ఇందులో పెట్రోలు ఇంజినూ ఉంటుంది, బ్యాటరీతో నడిచే మోటారూ ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు మామూలు కారులో వేడిగా పోయే శక్తిని ఇది కొంత పట్టుకుని బ్యాటరీలో దాచుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజిను ఆగిపోతుంది. మెల్లగా కదిలేటప్పుడు ఆ దాచిన కరెంటు వాడుకుంటుంది. ప్లగ్గులో పెట్టి ఛార్జింగ్ చేయక్కర్లేదు. కాబట్టి ఆగుతూ సాగుతూ పోయే ఊళ్ళో దీనికి ఎక్కువ లాభం, హైవే మీద ఆ లాభం తగ్గుతుంది.

ఇదేదో కొత్త వింత అనుకున్నాను. కాదట. 1900 సంవత్సరంలోనే ఉంది! వియన్నాలో గుర్రపు బగ్గీలు చేసే లోనర్ అనే కంపెనీలో ఫెర్డినాండ్ పోర్షే అనే కుర్రాడు పనిచేసేవాడు. తర్వాత స్పోర్ట్స్ కార్లకి పేరొచ్చింది ఆ పోర్షేదే. చక్రాల్లోనే మోటార్లు పెట్టి కరెంటు బండి చేశాడు. బ్యాటరీల బరువే వందల కిలోలు. అది తగ్గించడానికి పెట్రోలు ఇంజినుతో కరెంటు పుట్టించి ఆ మోటార్లకి ఇచ్చాడు. ఆ బండికి 'ఎప్పుడూ బతికే ఉండేది' అన్న అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. పేరు అలా పెట్టాడు గానీ బండి మాత్రం బతకలేదు. ఖరీదెక్కువ, చేయడం కష్టం.

ఆ రోజుల్లో అమెరికాలో ఆడవాళ్ళ కారంటే కరెంటు కారేనట. పెట్రోలు కారు స్టార్టు చేయాలంటే ముందు నిలబడి ఇనప హ్యాండిల్ తిప్పాలి. అది ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. అందుకే పెట్రోలు కార్లతో కోట్లు గడించిన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా ఫోర్డ్ కూడా వేరే కంపెనీ కరెంటు కారులోనే తిరిగేది. ఇది చదివి నేను ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. ఊరంతటికీ పెట్రోలు కార్లు అమ్మిన మనిషి, ఇంట్లో ఆవిడకి మాత్రం కరెంటు కారు కొనిచ్చాడు! తర్వాత 1912లో క్యాడిలాక్ కారుకి బటన్‌తో స్టార్టయ్యే ఏర్పాటు వచ్చింది. పెట్రోలు చవక. దాంతో కరెంటు కార్లు, వాటితో పాటు ఈ రెండు రకాలూ కలిపిన బళ్ళూ మూలపడ్డాయి. ఆ తర్వాత అరవై ఏళ్ళు వాటి గురించి పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు.

మళ్ళీ గుర్తొచ్చింది 1973లో. అక్టోబరులో ఇజ్రాయెల్ మీద ఈజిప్టు, సిరియా యుద్ధానికి దిగడం, అరబ్బు దేశాలు అమెరికాకి చమురు ఆపేయడం, కొద్ది నెలల్లో పీపా ధర 3 డాలర్ల దగ్గర్నుంచి 12 డాలర్ల దాకా ఎగబాకడం. మన దేశంలోనూ పెట్రోలు ధర భగ్గుమంది. ఆ నవంబరులో వాజ్‌పేయి గారు ఎడ్లబండి మీద పార్లమెంటుకి వెళ్ళి నిరసన తెలిపారు. మా అత్తయ్యకి ఇది బాగా గుర్తు. "మాకేం కారుందా స్కూటరుందా, కిరోసిన్ క్యూలోనే నిలబడ్డాం" అంటారావిడ.

అమెరికాలో ఆ గొడవ మొదలయ్యే నాటికే విక్టర్ వూక్ అనే ఇంజినీరు ఒక పని చేసి పెట్టుకున్నాడు. ఇతను నవలలు రాసే హెర్మన్ వూక్‌కి సొంత తమ్ముడు. పొగ తక్కువ వదిలే కారు చేసి చూపించమని ప్రభుత్వం ఒక పథకం పెడితే, స్నేహితుడు చార్లెస్ రోజెన్‌తో కలిసి 1972 నాటి బ్యూయిక్ కారొకటి తీసుకుని, లోపలి ఇంజిను పీకేసి, చిన్న ఇంజినూ మోటారూ బ్యాటరీలూ పెట్టాడు. ప్రభుత్వం 1974లో పరీక్షించింది. అలాంటి పెద్ద కారు మామూలుగా తాగే పెట్రోలులో సగానికి అటూ ఇటూగా తాగింది, పొగ బాగా తగ్గింది. అయినా వద్దన్నారు! బంకుల దగ్గర మైళ్ళ కొద్దీ క్యూలున్న సంవత్సరంలో. రెండేళ్ళకి ఆ పథకమే మూసేశారు. 1976లో అమెరికా పార్లమెంటు కరెంటు, హైబ్రిడ్ బళ్ళ పరిశోధనకి ఒక చట్టం చేస్తే, అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ కాదన్నాడు. సభ ఆయన మాట తోసిపుచ్చి చట్టాన్ని నిలబెట్టుకుంది. ఇంతా చేసి 1986 వచ్చేసరికి చమురు ధర ఢామ్మని పడిపోయింది. ఇంకెవరికి కావాలి హైబ్రిడ్?

ఇక్కడే నాకు మొదటిసారి అనుమానమొచ్చింది. ధర పెరిగినప్పుడు అందరూ ఈ కారు కోసం చూస్తారు, కారు తయారై వచ్చేసరికి ధర దిగిపోతుంది. ఈ కథలో ఇదే తిరిగి తిరిగి వస్తోంది.

ఇంకా వింత ఏమిటంటే, చివరికి గెలిచిన హైబ్రిడ్ పెట్రోలు చవగ్గా ఉన్నప్పుడు పుట్టింది. జపాన్‌లో టొయోటా వాళ్ళు 1993లో ఇరవై ఒకటో శతాబ్దపు కారు ఎలా ఉండాలని ఒక బృందాన్ని పెట్టారు. దానికి తకేషి ఉచియామాడా అనే ఆయన పెద్ద. మొదటి నమూనా కారు తయారైంది గానీ 49 రోజుల పాటు కదల్లేదట! ఎక్కడ తప్పుందో పట్టుకోవడానికే అన్ని రోజులు పట్టింది. 49 రోజులు కదలని కారు ముందు ఆ మనుషులు ఎలా కూర్చున్నారో గానీ, 1997 డిసెంబరుకి ప్రియస్ అన్న పేరుతో అమ్మకానికి పెట్టారు. ఆ మరుసటి ఏడాది చమురు పీపా 11, 12 డాలర్లకి దిగింది. అమెరికాలో గ్యాలను పెట్రోలు ఒక్క డాలరు చిల్లర. అంటే మొదట్లో ఆ కారు కొన్నవాళ్ళెవరూ పెట్రోలు ఖర్చుకి భయపడి కొని ఉండరు. సరదాకో, గాలి బాగుండాలనో కొనుంటారు.

భయపడి కొన్నది 2008లో. ఆ జులైలో పీపా 147 డాలర్లకి చేరింది. అమెరికాలో గ్యాలను 4 డాలర్లు దాటింది. ప్రియస్ కోసం వెయిటింగ్ లిస్టులు. మా పిన్ని కూతురు అప్పుడు న్యూజెర్సీలో ఉండేది. ఆఫీసుకి రానూ పోనూ రోజుకి అరవై మైళ్ళు. షోరూము వాడు అసలు ధర మీద ఇంకొంత ఇస్తేనే కారిస్తానన్నాడట. ఇచ్చి కొంది. ఆ డిసెంబరుకి గ్యాలను 2 డాలర్ల లోపుకి పడిపోయింది. బావ ఏడాది పాటు ఆమెని ఏడిపించాడు. "బంగారం ధర పైనున్నప్పుడు కొని, కిందున్నప్పుడు చూసుకున్నట్టుంది" అని.

కానీ వినండి. ఆ కారుని ఆమె పదమూడేళ్ళు నడిపింది. నిన్న ఫోనులో ఇద్దరం కూర్చుని లెక్కేశాం. ఏడాదికి 15,000 మైళ్ళు. గ్యాలనుకి 25 మైళ్ళిచ్చే మామూలు కారైతే 600 గ్యాలన్లు, 45 ఇచ్చే తన కారుకి 333. ఏడాదికి 267 గ్యాలన్లు మిగిలాయి. సగటున 3 డాలర్లు వేసుకున్నా 800 డాలర్లు. అన్నీ కలిపి తను ఎక్కువ పెట్టింది 4,000 డాలర్లంది, ఐదేళ్ళలో వచ్చేసింది. కొన్న ముహూర్తం అంత చెడ్డదైనా, తిరిగిన దూరం ఆమెని గట్టెక్కించింది.

అదే 2008లో మన దేశంలో ఏమైందో చూడండి. జూన్‌లో హోండా సివిక్ హైబ్రిడ్‌ని జపాన్ నుంచి దిగుమతి చేసుకుని దాదాపు 21 లక్షల 50 వేలకి అమ్మకానికి పెట్టారు. సుంకాలన్నీ కలిసి అంతయింది. కొనేవాళ్ళు కరువయ్యారు. నవంబరులో దాదాపు 8 లక్షలు తగ్గించేశారు. తగ్గించగానే జనం ఎగబడి కొన్నారు. అదే కారు, అదే మైలేజీ. జూన్‌లో కొన్నవాళ్ళు పెట్రోలు ఎన్నేళ్ళు ఆదా చేస్తే ఆ 8 లక్షలు రావాలి? పాపం, వాళ్ళిళ్ళల్లో ఆ నవంబరు భోజనాలు ఎలా జరిగాయో అనిపించింది నాకు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. 2015లో ప్రభుత్వం హైబ్రిడ్‌లకి రాయితీ ఇచ్చింది. మోటారు ఇంజినుకి సాయం చేసేదే తప్ప తనంతట తాను కారుని కదపలేని తేలికపాటి రకాలకి కూడా ఇచ్చి, 2017 ఏప్రిల్లో వాటికి తీసేసింది. వెనకాల హైబ్రిడ్ అని రాసి ఉందని మోసపోకండి, ఏ రకమో అడగండి. అదే ఏడాది జులైలో జీఎస్టీ వచ్చాక హైబ్రిడ్ మీద పన్ను, సెస్సు కలిపి 43 శాతమైంది. కరెంటు కారుకి 12 శాతం, 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. 2022లో అసలైన హైబ్రిడ్‌లు మన దగ్గరే తయారై ఇరవై లక్షల లోపు దొరకడం మొదలైంది. మా వారి మనసు పడింది అలాంటి దాని మీదే. 2024 జులైలో ఉత్తరప్రదేశ్ వాళ్ళు రిజిస్ట్రేషన్ పన్ను కూడా తీసేశారు. మాకు ఆ అదృష్టం లేదు.

ఇదంతా చదివాక ఆయన్ని ఒకటే అడిగాను. "ఏవండీ, మన కారు నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతోంది?" ఆయన ఠక్కున "పన్నెండొందలైనా ఉంటుంది" అన్నారు. సరే అని వంటింటి క్యాలెండరు మీద ఒకటో తారీఖున మీటరు అంకె రాశాను, నెలాఖరున మళ్ళీ రాశాను. 640.

రాత్రి పాలు తోడేసి, క్యాలిక్యులేటరు పట్టుకుని కూర్చున్నాం. ఇలాంటి హైబ్రిడ్‌లకి కంపెనీ కాగితం మీద లీటరుకి 27 పైన చెబుతారు గానీ, ఊళ్ళో 22 అనుకుందాం అన్నారు. మామూలు దానికి 14. ఇప్పటి ధర ప్రకారం కిలోమీటరుకి 2 రూపాయల 79 పైసలు ఆదా. 640 కిలోమీటర్లకి దాదాపు 1,785 రూపాయలు. 3 లక్షలు తిరిగి రావాలంటే పద్నాలుగేళ్ళు. అదే 3 లక్షలు బ్యాంకులో 7 శాతానికి వేస్తే నెలకి 1,750 వడ్డీ వస్తుంది, అసలు అసలుగానే ఉంటుంది. తేడా నెలకి 35 రూపాయలు. ఒక కొత్తిమీర కట్ట, రెండు నిమ్మకాయలు.

"పెట్రోలు మళ్ళీ 119 అయితే?" అన్నారు. అదీ వేశాం. ఆదా నెలకి 1,985. రెండొందలు పెరిగింది, అంతే. నెలకి 2,500 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకైతే ఇప్పటి ధరకే దాదాపు 7,000 మిగులుతుంది, నాలుగేళ్ళ లోపే డబ్బు తిరిగొచ్చేస్తుంది. పెట్రోలు ధర గురించి ఇన్నాళ్ళూ టీవీ ముందు కూర్చుని ఆందోళన పడ్డాం గానీ, ఆ మీటరు వైపు ఇద్దరం ఎప్పుడూ చూడలేదు.

కాసేపు మాట్లాడలేదాయన. తర్వాత, "అది కాదు, సిగ్నల్ దగ్గర అస్సలు చప్పుడుండదు తెలుసా, ఎంత హాయిగా ఉందో నడుపుతుంటే" అన్నారు. ఆ మాటతో నాకు ఆయన మీద జాలేసింది, ముచ్చటా వేసింది. "ఆ హాయి కావాలంటే హాయి కోసమనే అడగండి, ఆలోచిద్దాం. పొదుపు కోసమని మాత్రం చెప్పకండి" అన్నాను. పొగ తక్కువ అని కూడా అన్నారు, అది నిజమే, దానికి నేను లెక్క కట్టలేదు.

చీటీ పుస్తకం ప్రస్తుతానికి బీరువాలోనే ఉంది. పాత కారుకి ముందు టైర్లు రెండూ అరిగిపోయాయట, వచ్చే వారం మార్పించాలి. క్యాలెండరు మీద ఈ నెల మీటరు అంకె మాత్రం ఈసారి ఆయనే రాశారు.