సైనికుల ఉత్తరాలు (గోదావరి జిల్లాలు)

యుద్ధరంగం నుంచి జవాన్లు ఇంటికి రాసిన ఉత్తరాలకు గోదావరి సీమలో వందేళ్లకు మించిన చరిత్ర ఉంది. దానికి కేంద్రం తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. కొవ్వూరు నుంచి నిడదవోలు మీదుగా వెళ్లే రైలుమార్గానికి దగ్గర్లోనే ఉన్న ఈ ఊరిని అందరూ ‘మిలిటరీ మాధవరం’ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఒక్క ఊరి నుంచి సుమారు 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్లారని చెబుతారు. ఊళ్లో అమరుల స్మారక స్తూపం ఉంది.

1914లో భారతీయ సేన ఫ్రాన్సులో దిగగానే, ఆంగ్ల ప్రభుత్వం అక్కడే సిపాయిల ఉత్తరాల తనిఖీకి ఒక కార్యాలయం తెరిచింది. 1915 మార్చి నాటికి అక్కడి మన సైనికులు వారానికి పదివేల నుంచి ఇరవైవేల ఉత్తరాలు రాసేవారు. చదువు రానివారు తోటివాళ్లచేత రాయించుకునేవారు. ఇంటి దగ్గర కూడా అంతే, చదువొచ్చిన వారెవరో నలుగురి మధ్య కూర్చుని చదివి వినిపించాలి. మొగుడూ పెళ్లాల మాట ఇన్ని చెవుల్ని దాటి వెళ్లేది. అందుకే ఆ ఉత్తరాల్లో క్షేమసమాచారం, పొలం పనులు, అప్పులు ఎక్కువ. మనసులో మాట తక్కువ. అనుమానంతో అధికారులు ఇంగ్లిష్‌లోకి అనువదించి రాసుకున్న భాగాలే నేటికీ లండన్‌లో భద్రంగా ఉన్నాయి. అవి ఎక్కువగా పంజాబు, ఉత్తరాది సిపాయిలవి. మద్రాసు దళాల్లో చాలా భాగం మెసపొటేమియా, తూర్పు ఆఫ్రికాల్లో పోరాడింది కాబట్టి ఆ కట్టల్లో తెలుగువారి గొంతు అరుదు. ఇది మనకు పెద్ద లోటు.

స్వాతంత్ర్యం వచ్చాక చిరునామా పద్ధతి మారింది. జవాను నంబరు, హోదా, పేరు, దళం, కింద ‘56 ఏపీవో’ లేదా ‘99 ఏపీవో’ (ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు). ఊరి పేరు ఉండదు. భర్త ఏ కొండమీద ఉన్నాడో తెలియకుండానే భార్య జవాబు రాసేది. జవాను డబ్బు పంపే మనియార్డరు ఫారం అడుగున ఉండే చిన్న జాగాలో రెండు ముక్కలు రాసినా అది ఉత్తరంతో సమానమయ్యేది. డబ్బు తీసుకున్నాక ఆ ముక్క చించి ఇంటివాళ్లకే ఇచ్చేవారు.

తెలుగునాట బాగా తెలిసిన యుద్ధకాలపు ఉత్తరం 1999 కార్గిల్ నాటిది. హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 19న తండ్రికి రాశారు. తన గురించి దిగులుపడొద్దని చెబుతూ, గర్భవతి అయిన భార్యకు రోజుకో భారత కథ చెప్పమని కోరారు, పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బాలని. తల్లి కడుపులోనే పద్మవ్యూహం విన్న అభిమన్యుడి కథ ఎరిగిన ఇంట ఆ కోరికకు వివరణ అక్కర్లేదు. జూన్ 28న ఆయన వీరమరణం పొందారు. మరణానంతరం మహావీరచక్ర ప్రకటించారు.

ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి ఉత్తరాలు తగ్గాయి. మాధవరంలో గానీ, కొవ్వూరు చుట్టుపక్కల గానీ పెట్టె అడుగున తాతల నాటి ఉత్తరాలుంటే పారేయకండి. కవరు కూడా దాచండి. తేదీ, దళం వివరాలు తెలిసేది దాని మీది ముద్ర, చిరునామాల వల్లే.