వాడువారే దిద్దిన పనిముట్టు

నాగలి చేయువాడు వడ్రంగి. కర్రుకు పదును పెట్టువాడు కమ్మరి. కాని అది నేలలో సరిగా దిగుచున్నదో లేదో మొదట తెలిసికొనువాడు రైతు. నిజామాబాదు జిల్లా ఏర్గట్లలో పసుపు పండించు రైతు తన పనిముట్టులోని లోపమును వడ్రంగికి చెప్పి చెక్కించుకొనవచ్చును. వినువాడు ఊరిలోనే యున్నాడు. పనిముట్టులో దాపరిక మేమియు లేదు.

కంప్యూటరు పనిముట్ల సంగతి చాలకాలము ఇట్లు లేదు. వెబ్ పుటలను చూపునది బ్రౌజరు. దాచుకొన్న ఫైళ్లను చూపి సర్దునది ఫైల్ మేనేజరు. వీనిని నడపు ఆదేశముల వ్రాతను సోర్సుకోడు అందురు. కంపెనీలు పెక్కు దానిని రహస్యముగా నుంచెడివి. 1998 మార్చి 31న నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరు సోర్సుకోడును బహిరంగ మొనర్చెను. దానినుండి మొజిల్లా ఉద్యమము, 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ 1.0 వెలువడినవి. లోపములను, కోర్కెలను ఎవరైనను నమోదు చేయుటకు ‘బగ్‌జిల్లా’ అను బహిరంగ చిట్టా ఏర్పడెను. అంతేకాక, బ్రౌజరుకు క్రొత్త శక్తి నిచ్చు చిన్న ‘పొడిగింత’లను బయటివారును వ్రాసి చేర్చుటకు వీలు కలిగెను.

ఇది తెలుగువారి కెట్లు అక్కరకు వచ్చినదో చూతము. ఏర్గట్ల ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పనికి పోయినవారు కలరు. ఆ రోజులలో అట్టివాడొకడు అచ్చటి కంప్యూటరులో తెలుగు వార్తాపత్రికను తెరచినా డనుకొందము. తెలుగునకు బదులు అర్థములేని రోమను లిపి గుర్తులు కనబడెడివి. కారణ మేమనగా, 1991 లోనే యూనికోడ్‌లో తెలుగునకు స్థానము లభించినను, పత్రికలు తమ తమ సొంత ఫాంటులనే వాడుచుండెను. రోమను అక్షరములకు కేటాయించిన సంఖ్యలలోనే తలకట్టు, గుడి, వత్తు మొదలగు ముక్కలను ఇమిడ్చిరి. ఆ ఫాంటు లేనిచో చదువుటకు వీలులేదు. ఉన్నను మాటను వెదకుటకు వీలులేదు.

ఈ బాధను ఎరిగిన పాఠకులలో ఒకరైన వెన్న నాగార్జున ‘పద్మ’ అను ఫైర్‌ఫాక్స్ పొడిగింతను రచించిరి. ప్రతి ఫాంటునకు ఒక పట్టిక నుంచుకొని, పత్రిక పంపిన ముక్కలను అది యూనికోడ్ అక్షరములుగా మార్చును. పని తేలిక కాదు. ‘శక్తి’ అను మాటను చూడుడు. కంటికి గుడి ‘క’ మీద నున్నది, ‘త’ వత్తు క్రింద నున్నది. యూనికోడ్‌లో వరుస వేరు: క, పొల్లు, త, ఆ పిమ్మట గుడి. కావున ముక్కలను మార్చిన చాలదు. వరుసను కూడ సరిచేయవలెను. మొదట తెలుగునకు పుట్టిన ఈ ఉపాయము తరువాత ఇతర భారతీయ భాషలకును విస్తరించెను.

సూచనలు ఎల్లప్పుడు చెల్లునని తలపరాదు. 2012లో గ్నోమ్ వారి ‘నాటిలస్’ ఫైల్ మేనేజరునుండి కొన్ని సదుపాయములు తొలగింపబడెను. రెండు ఫైళ్ల జాబితాలను ఒకే కిటికీలో ప్రక్కప్రక్కన చూపు ఏర్పాటు అందొకటి. వాడుకరు లనేకులు నొచ్చుకొనిరి. కోడు బహిరంగముగా నుండుటచే, లినక్స్ మింట్ వారు పాత ప్రతిని గైకొని ‘నీమో’ అను వేరొక ఫైల్ మేనేజరును నిర్మించి, ఆ ఏర్పాటును నిలిపిరి. మాట చెల్లనిచోట చేత చెల్లినది.

అయితే చేతకును కాపలా కావలెను. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 రాగా పాతపద్ధతి పొడిగింతలు పనిచేయుట మానెను. తిరిగి వ్రాసినవి మాత్రమే నిలిచెను. సంవత్సరముల తరబడి కూడిన వాడుకరుల శ్రమలో కొంత అట్లే మూలబడెను.

కనుక సోర్సుకోడు తెరచియుండుట సగము మేలు మాత్రమే. లోపమును చూచినవాడు దానిని స్పష్టముగా చెప్పవలెను, చేతనైనవాడు దిద్దవలెను, దిద్దినదానిని ఒకరి తరువాత ఒకరు కాపాడుకొనవలెను. కర్రు ఒకసారి పదును పెట్టిన చాలదని ఏర్గట్ల రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు.