పెట్రోమాక్స్ లైట్ నుంచి మ్యూనిక్ ఎయిర్‌పోర్ట్ దాకా: అణు స్మగ్లింగ్ కథ

కరెంటు సరిగ్గా లేని రోజుల్లో మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపుకి పెట్రోమాక్స్ లైట్లే దిక్కు. మీ తాతయ్యని అడగండి, చెప్తారు. అందులో తెల్లగా వెలిగే మాంటిల్‌కి థోరియం వాడేవారు. అదే థోరియాన్ని రియాక్టర్‌లో పెడితే యురేనియం-233 అవుతుంది. దాంతో కరెంటు తీయొచ్చు, బాంబు కూడా చేయొచ్చు.

థోరియం దొరికేది మోనజైట్ అనే ఖనిజంలో. మన భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలో కూడా అది ఉంది. 1909లో షోంబెర్గ్ అనే జర్మన్ కెమిస్ట్ అప్పటి ట్రావెన్‌కోర్ ఇసుకలో దాన్ని గుర్తించాడు. ఆ ఇసుక ఓడలెక్కి విదేశాల మాంటిల్ ఫ్యాక్టరీలకి వెళ్లేది. అప్పుడది మామూలు వ్యాపారమే. 1945లో హిరోషిమా తర్వాత లెక్క మారిపోయింది. మన ప్రభుత్వం మోనజైట్ ఎగుమతికి అడ్డుకట్ట వేసింది.

ఇక్కడే అసలు మలుపు. 1953లో మన దేశం నుంచి సుమారు ఒక టన్ను థోరియం నైట్రేట్ పోలండ్ ఓడలో చైనాకి బయల్దేరింది. మన దృష్టిలో అది చట్టబద్ధమైన అమ్మకం. అమెరికా మాత్రం తన బ్యాటిల్ యాక్ట్ చూపించి, సాయం ఆగిపోతుందని చెప్పింది. మా వ్యాపారానికి మీ షరతులేంటని నెహ్రూ ఒప్పుకోలేదు. చివరికి రాజీ కుదిరింది. అంటే సరుకు ఒకటే. ఒకరికి వ్యాపారం, ఇంకొకరికి నేరం. అందరికీ ఒకే రూల్ లేనప్పుడు దొంగ ఎవరో ఎలా తేలుతుంది?

ఆ రూల్ మెల్లగా వచ్చింది. అణు పదార్థాల రక్షణ ఒప్పందం 1980లో సంతకాలకి వచ్చి, 1987లో అమల్లోకి వచ్చింది. సోవియట్ యూనియన్ కూలాక, 1994 ఆగస్టులో మాస్కో విమానంలో వచ్చిన సూట్‌కేస్‌లో సుమారు 363 గ్రాముల ప్లుటోనియం మ్యూనిక్‌లో దొరికింది. మరుసటి ఏడాదే, 1995లో, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఒక డేటాబేస్ మొదలుపెట్టింది. తమ దగ్గర ఏం పోయిందో, ఏం దొరికిందో దేశాలే అందులో చెప్తాయి. థోరియం కూడా ఆ లెక్కలో ఉంది. 2004లో భద్రతా మండలి 1540 తీర్మానం చేసింది. మరుసటి ఏడాదే మన పార్లమెంటు దానికి తగ్గ చట్టం తెచ్చింది.

కోడ్ రాసేవాళ్లకి ఇది తెలిసిన విషయమే: బగ్ దాచిపెడితే పోదు, రిపోర్ట్ చేస్తేనే ఫిక్స్ అవుతుంది. పరువు పోతుందని ఒక దేశం దొంగతనాన్ని దాచితే, ఆ సరుకు పక్క దేశం చెక్‌పోస్ట్‌ని మామూలు సామానులా దాటేస్తుంది. తాళం ఎవరి ఇంటికి వాళ్లే వేసుకోవాలి. పోయిన సంగతి మాత్రం ఊరందరికీ చెప్పాలి.