పాలేరుకు అటూ ఇటూ ఆర్టీసీ

కృష్ణా జిల్లా ప్రైవేటు బస్సుల యజమానులు 1958 నవంబరు 5న సుప్రీంకోర్టులో ఒక కేసు గెలిచారు. గుల్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు ఒక పక్షం. అప్పటికి పుట్టి ఏడాది కూడా నిండని ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ రెండో పక్షం. జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేయాలని సంస్థ పథకం వేసింది. దాని మీద అభ్యంతరాలు విన్నది రవాణా వ్యవహారాలు చూసే శాఖ కార్యదర్శి, ఆమోదముద్ర వేసింది ముఖ్యమంత్రి. విన్నది ఒకరు, తేల్చింది మరొకరు అయితే దాన్ని విచారణ అనరని మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ కోకా సుబ్బారావు ఆ ఆమోదాన్ని కొట్టేశారు. మన జిల్లా బస్సుల తగాదా ఇప్పటికీ లా కాలేజీల్లో పాఠం. యజమానులకు మాత్రం ఆ గెలుపు ఎక్కువ రోజులు దక్కలేదు. ముఖ్యమంత్రే కూర్చుని అభ్యంతరాలు విని పథకాన్ని మళ్లీ ఆమోదించారు. 1959లో రెండోసారి ఢిల్లీ గడప తొక్కితే, మొత్తం మీద ప్రభుత్వ పక్షమే నెగ్గింది.

ఆ తీర్పుల్లో యజమానుల గోడు ఉంది, ప్రభుత్వం వాదన ఉంది. బస్సు నడిపేవాడి ఊసు లేదు. ప్రైవేటు బస్సు మీద ఉన్నన్నాళ్లూ అతని జీతం, డ్యూటీ అన్నీ ఓనరు నోటిమాట మీదే నడిచేవి. కార్పొరేషన్ వచ్చాక అతనికి ఖాకీ చొక్కా, స్టాఫ్ నంబరు, పీఎఫ్ వచ్చాయి. అన్నిటికంటే ముఖ్యంగా సీనియారిటీ లిస్టులో ఒక వరస వచ్చింది. మంచి రూటు ఎవరికి, నైటవుట్ ఎవరికి, ప్రమోషన్ ఎవరికి అన్న ప్రశ్నలకు ఆ లిస్టే జవాబు. జగ్గయ్యపేట డిపో అయినా అవతలి కోదాడ డిపో అయినా, ఆర్టీసీ రెండుగా విడిపోయిన కథను హైదరాబాద్‌లోని ప్రధాన కార్యాలయం బస్‌భవన్ గోడల మీద కన్నా ఈ లిస్టులోనూ, కిలోమీటర్ల లెక్కలోనూ చదివితేనే బాగా అర్థమవుతుంది.

అసలు ఈ సంస్థ పుట్టింది మన వైపు కాదు. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వం తన రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా విభాగం పెట్టింది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. బస్సు నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు. తర్వాత అది హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958 జనవరి 11న కార్పొరేషన్ చేతికి వెళ్లింది. అంటే హైదరాబాద్‌లో పుట్టిన రవాణా శాఖ కార్పొరేషనై పాలేరు వాగు దాటి కృష్ణా జిల్లాలోకి దిగిందన్నమాట. జెడ్ అక్షరం కూడా దానితోపాటు దిగింది.

జగ్గయ్యపేట మండలం గరికపాడుకూ, కోదాడ వైపు నల్లబండగూడేనికీ మధ్య పాలేరు పారుతుంది. 1956కు ముందు అటు నిజాం ఇలాకా, ఇటు మొదట మద్రాసు రాష్ట్రం, ఆపైన ఆంధ్ర రాష్ట్రం. ఆ సరిహద్దు గీత కూడా సాఫీగా ఉండేది కాదు. కోదాడ దాటాక వచ్చే మునగాల పరగణా చుట్టూ నిజాం నేల, తాను మాత్రం కృష్ణా జిల్లా నందిగామ తాలూకా. 1959లో గానీ నల్లగొండ జిల్లాలో కలవలేదు. నందిగామ కచేరీలో పని పడిన మునగాల రైతు పరాయి రాజ్యం గుండా వచ్చి పోవాల్సిందే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 57 ఏళ్లపాటు ఇక్కడ గీత ఉందన్న సంగతే బస్సుకు తెలియదు. జగ్గయ్యపేట పిల్లనిచ్చిన ఇల్లు కోదాడలో, నందిగామ పత్తి రైతు బేరం ఖమ్మంలో, మధిర చుట్టం పెనుగంచిప్రోలు తిరునాళ్లలో. టికెట్టు ఒక్కటే. గీత మళ్లీ వచ్చింది 2014 జూన్ 2న. పాత చోటే, అదే వాగు మీద.

విడిపోవడం గురించి డ్రైవర్లు ఏమనుకున్నారన్నది వాళ్లు బస్సులు ఆపిన తేదీలే చెబుతాయి. 2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మెలో తెలంగాణ డిపోల బస్సులు ఆగిపోయాయి, రాష్ట్రం కావాలని. 2013 ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి సీమాంధ్ర డిపోల బస్సులు ఆగాయి, రాష్ట్రం విడిపోవద్దని. ఆ సమ్మె దాదాపు రెండు నెలలు సాగింది. అటు ఇటు ఉన్నవాళ్లు ఒకే సంస్థ మనుషులు, ఒకే స్కేలు, ఒకే రూలు పుస్తకం. మామూలుగా కంపెనీని చీల్చే నిర్ణయం యజమాని తీసుకుంటాడు, ఉద్యోగి పేపర్లో చదువుకుంటాడు. ఇక్కడ చీలాలనీ చీలకూడదనీ ఉద్యోగులే ముందుగా రెండు వైపులా జీతం పోగొట్టుకున్నారు. ఇలాంటిది మరోచోట జరిగినట్టు నేను చదవలేదు.

ఆ తర్వాత 2015 మే వచ్చింది. రాష్ట్రం విడిపోయి ఏడాది కావస్తున్నా ఆర్టీసీ ఇంకా ఉమ్మడిగానే ఉంది. విభజన చట్టం దాన్ని పంచుకోవాల్సిన సంస్థల జాబితా అయిన తొమ్మిదో షెడ్యూలులో పెట్టింది. మే 6న రెండు రాష్ట్రాల కార్మికులూ కలిసి సమ్మెకు దిగారు. డిమాండు జీతాల సవరణలో 43 శాతం ఫిట్‌మెంట్. ఎనిమిది రోజులు బస్సులు కదల్లేదు. మే 13న ఆంధ్ర ప్రభుత్వం 43 శాతానికి ఒప్పుకుంది. అదే రోజు తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ 44 ప్రకటించారు. అడిగినదాని మీద ఒక శాతం ఎక్కువ! కలిసి చేసిన ఆఖరి సమ్మె అది. ఇక నుంచి అటువాళ్ల జీతాన్ని ఇటువాళ్లు, ఇటువాళ్ల జీతాన్ని అటువాళ్లు లెక్కేసుకుంటారని ఆ ఒక్క శాతంతోనే తేలిపోయింది. ఆ వెంటనే పాలన వేరుపడింది. 2016 ఏప్రిల్ 27న తెలంగాణ ప్రభుత్వం టీఎస్‌ఆర్టీసీని విడిగా నెలకొల్పింది. పుట్టినిల్లూ బస్‌భవనూ హైదరాబాద్‌లో ఉండిపోయాయి, పేరు మాత్రం విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండుకు వచ్చింది. వీటిలో తల్లి ఏది, పిల్ల ఏది అని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

డ్రైవర్ల వరకు పంపకం తేలిగ్గానే జరిగింది. డిపో ఎక్కడుంటే సిబ్బంది అక్కడ. పేట డిపో డ్రైవరు మర్నాడు కూడా అదే డిపోలో అదే డ్యూటీ చార్టు చూసుకున్నాడు. తలనొప్పంతా ప్రధాన కార్యాలయంలో ఉన్నవాళ్లకు, ఆస్తుల లెక్క తేల్చేవాళ్లకు. అయినా డ్రైవరుకు ఏమీ కాలేదనుకుంటే పొరపాటు. అతనికి తగలాల్సింది ఐదేళ్ల తర్వాత తగిలింది.

విమానాలు నడిపేవాళ్ల గొడవ ఇక్కడే మనకు పనికొస్తుంది. అమెరికాలో పెద్ద ఎయిర్‌లైన్లు చిన్న ఊళ్లకు చిన్న విమానాలు నడిపే అనుబంధ కంపెనీలు పెట్టుకున్నాయి. విమానం తోక మీద రంగు ఒకటే, పైలట్ జీతం మాత్రం వేరు. పెద్ద కంపెనీ పైలట్ల యూనియన్లు ముందు జాగ్రత్తగా ఒప్పందంలో షరతు రాయించుకున్నాయి: చిన్న కంపెనీ ఇన్ని సీట్లకు మించిన విమానాలు నడపకూడదు, ఇన్నిటికి మించి నడపకూడదు అని. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో 1997లో ఇంకో ఏర్పాటు కూడా జరిగింది. అనుబంధ సంస్థ అమెరికన్ ఈగిల్ పైలట్లు వరస ప్రకారం పెద్ద కంపెనీకి ఎక్కవచ్చు, పెద్ద కంపెనీలో పని పోయినవాళ్లు దిగివచ్చి ఈగిల్‌లో కెప్టెన్ సీటు తీసుకోవచ్చు. 2011లో యాజమాన్యం ఈగిల్‌ను విడదీసి వేరే కంపెనీ చేస్తామంది. అలాంటప్పుడు ఈగిల్ పైలట్‌కు యజమాని ఎవరన్న దానికన్నా ఆ నిచ్చెన ఉంటుందా పోతుందా అన్నదే పెద్ద బెంగ. ఆ ఏడాది నవంబరు 29న మాతృసంస్థ దివాలా రక్షణకు వెళ్లడంతో విడదీత ఆగింది. ఈగిల్ 2014లో ఎన్వాయ్‌గా పేరు మార్చుకుంది. అదే ఏడాది జీతాలు తగ్గించే ఒప్పందాన్ని పైలట్లు ఓటేసి తిరగ్గొడితే, కొత్త పెద్ద విమానాలు వేరే కంపెనీల పాలయ్యాయి. మన దేశంలో ఎయిరిండియా 2022 జనవరి 27న టాటాల చేతికి వెళ్లినప్పుడు ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ కూడా వెళ్లింది. చిన్న ఊళ్లకు ఏటీఆర్ విమానాలు నడిపే అలయన్స్ ఎయిర్ మాత్రం సర్కారు దగ్గరే మిగిలింది.

పైలట్ గంటలు లెక్కపెడతాడు, బస్సు డ్రైవరు కిలోమీటర్లు లెక్కపెడతాడు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో రాష్ట్రాల మధ్య బస్సులు ఆగిపోయాయి. మిగతా ఆంక్షలు సడలినా హైదరాబాద్ దారి మాత్రం తెరుచుకోలేదు. ఈ మారు అడ్డుపడింది రోగం కాదు. అంతకు ముందు ఆంధ్ర బస్సులు 1,009 తెలంగాణలో రోజుకు 2.65 లక్షల కిలోమీటర్లు తిరిగేవి. తెలంగాణ బస్సులు 746 ఆంధ్రలో తిరిగేది 1.52 లక్షలే. సమానం చేస్తే తప్ప ఒప్పందం లేదని తెలంగాణ పట్టుబట్టింది. నెలల తరబడి అధికారులు కూర్చోవడం, లేవడం. ఈలోగా ప్రైవేటు ట్రావెల్స్ పండగ చేసుకున్నాయి. దసరాకు జనం ఇబ్బంది చూడలేక ఏపీఎస్‌ఆర్టీసీ సరిహద్దు చెక్‌పోస్టుల దాకా బస్సులు వేసింది. మన వైపు గరికపాడు దాకా. అక్కడ దిగి, సామాను మోసుకుంటూ గీత దాటి, అవతల దొరికింది ఎక్కాలి. రాష్ట్రం విడిపోయిన ఆరేళ్లకు ఈ దారిన పోయేవాళ్లకు విభజన కాళ్లకు తగిలిందంటే ఆ పండగకే.

2020 నవంబరు 2న హైదరాబాద్‌లో రెండు సంస్థల ఎండీలు, కృష్ణబాబు, సునీల్ శర్మ సంతకాలు చేశారు. ఏపీకి 638 బస్సులు, 1,60,999 కిలోమీటర్లు. తెలంగాణకు 826 బస్సులు, 1,61,258 కిలోమీటర్లు. విజయవాడ రూటులో తెలంగాణవి 273, ఏపీవి 192. ఏపీ ఒక్క సంతకంతో 371 బస్సులు, లక్షకు పైగా కిలోమీటర్లు వదులుకుంది. కాగితం మీద అది న్యాయమే, చెరి సగం. డిపోలో మాత్రం హైదరాబాద్ సర్వీసు అంటే నిండు బస్సు, మంచి ఈపీకే (కిలోమీటరుకు రాబడి), ఎంతో కొంత సీనియారిటీ ఉంటే తప్ప దొరకని డ్యూటీ. అది తగ్గితే సీనియరు పక్క రూటుకు దిగుతాడు, పక్క రూటువాడు పల్లెవెలుగుకు దిగుతాడు, చివర ఉన్నవాడు రూటు లేక స్పేర్‌లో కూర్చుంటాడు. ఈగిల్ కెప్టెన్‌కు నిచ్చెన పోతుందన్న భయం ఎలాంటిదో ఇక్కడ డ్రైవరుకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

జీతాల లెక్క మధ్యలోనే తిరగబడింది. ఆంధ్రలో జగన్ ప్రభుత్వం 2019లో చట్టం చేసి, 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలిపి ప్రజా రవాణా శాఖ అంది. ఆ కబురు వినీ వినకముందే తెలంగాణ కార్మికులు మాకూ అదే కావాలని 2019 అక్టోబరు 5న సమ్మె మొదలుపెట్టారు. 52 రోజులు చేశారు. వాళ్ల ఉద్యోగాలు వాళ్లంతట వాళ్లే పోగొట్టుకున్నట్టని కేసీఆర్ అన్నారు. విలీనం లేకుండానే నవంబరు 25న సమ్మె విరమించారు. అడిగినదాని మీద ఒక శాతం ఎక్కువిచ్చిన చేయే అది. 2023 ఆగస్టులో విలీనం బిల్లు అక్కడి అసెంబ్లీ ఆమోదం పొందింది. అయినా 2025లో యూనియన్లు ఇచ్చిన సమ్మె నోటీసులో ఆ డిమాండు మళ్లీ ఉంది. చూశారా, నిజాం నాటి శాఖ కార్పొరేషనై, మళ్లీ శాఖ అయింది. కాకపోతే పుట్టిన చోట కాదు, వాగుకు ఇవతల.

ఇప్పుడు పాలేరు దగ్గర లెక్క మారేది టికెట్టు మిషన్‌లో. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగుల్లో ప్రయాణం ఉచితం. రాష్ట్రం దాటే బస్సయినా సరిహద్దు దాకా జీరో టికెట్టు, అక్కణ్నుంచి డబ్బు టికెట్టు. కోదాడ నుంచి పేటకొచ్చే అమ్మకు కండక్టరు ఆ సంగతి విడమరచి చెప్పాలి. 2025 ఆగస్టు 15న ఆంధ్రలో కూడా ఆడవాళ్లకు ఉచిత ప్రయాణ పథకం స్త్రీశక్తి వచ్చాక ఇవతల ఊళ్ల మధ్య కూడా జీరోనే. పేట నుంచి నందిగామకు ఉచితం, కోదాడ నుంచి నందిగామకు కాదు.

డ్రైవర్ల లిస్టుకు అసలు గండం మాత్రం ఈ గీత వల్ల కాదు. 2023 మే 16న తెలంగాణ ఆర్టీసీ ఇదే హైదరాబాద్-విజయవాడ రహదారి మీద ఈ-గరుడ కరెంటు బస్సులు మొదలుపెట్టింది. మొత్తం 50 వేస్తామంది, ముందుగా 10 దించింది. రంగు ఆర్టీసీది, పేరు ఆర్టీసీది. బస్సు, డ్రైవరు కాంట్రాక్టు కంపెనీవి. కిలోమీటరుకు ఇంత అని సంస్థ కట్టేస్తుంది. అద్దె బస్సులు మనకు కొత్తేమీ కాదు. కానీ అవి ఎక్కువగా పల్లె రూట్లలో తిరిగేవి, ఇవి సీనియర్ల హైదరాబాద్ రూటులోకి వచ్చాయి. నందిగామ బైపాస్ మీద ఆ బస్సు పక్క నుంచి దూసుకుపోతుంటే దాన్ని నడిపే మనిషి ఏ రాష్ట్రం వాడని కాదు, ఏ లిస్టులో ఉన్నాడని అడగాలి. ఏపీఎస్‌ఆర్టీసీ లిస్టులోనూ లేడు, అవతలి లిస్టులోనూ లేడు.