నీళ్లడుగున వేపదారు లింగం

కొల్లాపూర్ మాధవస్వామి గుడి గోడ మీద చెయ్యి వేయండి. పొద్దుటి పూట రాయి ఇంకా చల్లగానే ఉంది. ఈ రాళ్లు ఇక్కడివి కావు. కృష్ణ ఒడ్డున మంచాలకట్టలో ఉన్న గుడి శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని, విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. "జటప్రోలుది, సోమశిలది గుడ గిట్లనే పైకి తెచ్చిన్రు సారూ" అంటాడు మీ వెంట వచ్చిన పడవాయన.

సోమశిల రేవు చేరేసరికి ఎండ చురుక్కుమంటుంది. ఏప్రిల్ కదా, నీళ్లు బాగా లోపలికి పోయాయి. నెర్రెలు విచ్చిన ఒండ్రు, ఆరేసిన వలలు, ఎండు చేపల వాసన. ఇంజన్ పడవ టకటకమంటూ ఆంధ్ర ఒడ్డునున్న సంగమేశ్వరం గుడి వైపు తిరుగుతుంది. "డ్యాం నిండితే గుడి నెత్తిమీదికెల్లే పోతం" అని నవ్వుతాడాయన. నిండు మట్టం 885 అడుగులు మరి.

సంగమేశ్వరంలో బురదలో దిగి, ఒరిగిన గోడలు దాటి, గర్భగుడిలోకి వంగి చూడండి. లింగం రాయి కాదు, వేప మొద్దు. కాశీకి వెళ్లిన భీముడు వేళకు లింగం తేలేదని ధర్మరాజు దీన్ని ప్రతిష్ఠించాడంటుంది స్థలపురాణం. అదెలా ఉన్నా, 1980ల నుంచి ఎక్కువ కాలం నీళ్లలోనే గడుపుతున్న కర్ర మీ కళ్లముందుంది. చుట్టుపక్కల రాతిగుళ్లను తరలించారు గానీ దీన్ని కదల్చలేదు.

కర్రను తినేది నీళ్లు కాదు, బూజు. దానికి తడీ కావాలి, గాలీ కావాలి. నీళ్లడుగున ఆ గాలి దాదాపు అందదు. అసలు గండం బయటపడ్డాకే. 1628లో మునిగిన స్వీడన్ ఓడ వాసాను 1961లో పైకి తీశాక, ఆరి పగలకుండా 17 ఏళ్లు రసాయనం చల్లుతూనే ఉన్నారు. ఇక్కడైతే చెంబుతో అభిషేకం. అది కాపాడుతుందని నేననను. ఏటా తడిసి ఆరడమే కర్రకు అన్నిటికన్నా కష్టం. బెంగళూరులోని కలప పరిశోధన సంస్థ నుంచి ఎవరైనా వచ్చి, ముట్టుకోకుండానే సరే, ఒక్క వేసవి దీని పక్కన కూర్చుంటే బాగుండునని నా ఆశ.

"పోదాం పాండ్రి సారూ, సోమశిలల చేపల పులుసు చెప్పి వచ్చిన" అని పడవాయన తొందరపెడుతున్నాడు.