మూసీ కత్వల కింద మన స్నానాల నీళ్ళు

ఈ మధ్య ఏ కొత్త అపార్ట్‌మెంట్ బ్రోచర్ చూసినా "గ్రే వాటర్ రీసైక్లింగ్" అని ఉంటోంది. అంటే స్నానాల నీళ్ళు, వాషింగ్ మెషిన్ నీళ్ళు శుద్ధి చేసి మొక్కలకీ, ఫ్లష్‌లకీ వాడటం. మంచిదే. కానీ మనమేదో కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే నవ్వొస్తుంది. హైదరాబాదు వాడి పారేసిన నీళ్ళతో నల్గొండలో వరి పండించడం దశాబ్దాల నాటి సంగతి.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద మీకు తెలిసిందే. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. వరద ఆగింది. దాంతో పాటు, వానాకాలంలో తప్ప, ఏరూ ఆగింది. నగరం పెరిగేకొద్దీ ఆ ఖాళీని మన బాత్రూములు నింపాయి.

కింద వలిగొండ, రామన్నపేటల వైపు (2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా) మూసీకి అడ్డంగా కట్టిన పాత ఆనకట్టల్ని కత్వలంటారు. భీమలింగం కత్వ, ఆసిఫ్‌నహర్... ఇవన్నీ ఏటి నీళ్ళ కోసం కట్టినవి. వీటికి ఎండాకాలంలో కూడా నీళ్ళు రావడం మొదలైంది. బోర్లెండే జిల్లాలో రెండు పంటలు! పైగా నత్రజని ఫ్రీ. అయితే ఆ నత్రజని ఎక్కువై పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది. పొలంలో దిగితే కాళ్ళు దురద. బావులు ఉప్పుతేలాయి. ఒట్టి సబ్బు నీళ్ళయితే ఇంత చేటు ఉండేది కాదేమో. మనం లెట్రిన్లవీ, ఫ్యాక్టరీలవీ అన్నీ కలిపి వదిలాం.

ఇంకో విచిత్రం చూడండి. నాగార్జునసాగర్ నుంచి తోడిన కృష్ణ నీళ్ళని నల్గొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధి చేసి హైదరాబాదుకి తెస్తున్నారు. 2004, 2008, 2015లలో మూడు దశలుగా, రోజుకి 270 మిలియన్ గ్యాలన్లు. ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంకర పోయిన జిల్లా మీదుగానే! సరఫరా అయిన నీళ్ళలో 80 శాతం మురుగవుతుందని ఇంజనీర్ల లెక్క. అది మూసీలో పడి, కత్వలు దాటి, వాడపల్లి దగ్గర మళ్ళీ కృష్ణలోనే కలుస్తుంది.

అంబర్‌పేటతో మొదలుపెట్టి శుద్ధి ప్లాంట్లు చాలానే వచ్చాయి. సరే, రేపు మన అపార్ట్‌మెంట్లన్నీ ఎవరి నీళ్ళు వాళ్ళే తిప్పి వాడుకున్నాయనుకోండి. ఆసిఫ్‌నహర్ కింద యాసంగి నాట్లేసే రైతుకి కావాల్సింది మంచి నీళ్ళే గానీ తక్కువ నీళ్ళు కాదు కదా. ఆ లెక్క మాత్రం ఏ బ్రోచర్‌లోనూ నాకు కనబడలేదు.