మెట్ట పొలాల్లో గాలి యంత్రం

నెల్లూరు జిల్లా అనగానే బయటివారికి పెన్న కాలువలు, మొలగొలుకుల బియ్యం గుర్తుకు వస్తాయి. మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల సంగతి వేరు. పడమట వెలికొండలు, కాలి కింద గట్టి రాయి, వానను నమ్ముకున్న మెట్ట సేద్యం. చెరువు నిండితే వరి, లేకుంటే జొన్న, సజ్జ. బావుల మీద కపిలలు తోలిన కాలం మనలో పెద్దవారికి తెలిసినదే. ఈ రాతి నేలలో నీటి కోసం పడిన పాట్ల చరిత్రలో గాలి కంప్రెసర్‌కు ఒక అధ్యాయం ఉంది.

అదిమిన గాలితో రాయిని తొలిచే విద్యకు పేరు తెచ్చింది ఆల్ప్స్ పర్వతాల కింద తవ్విన మోంట్ సెనిస్ రైలు సొరంగం. 1857లో చేతి పనిముట్లతో మొదలైన ఆ పనిలో 1861 నుండి గాలి డ్రిల్లులు వాడారు. 1871లో సొరంగంలో రైళ్ళు నడిచాయి. మన దేశంలో తాగునీటి బోర్లకు ఈ విద్య ఊపందుకున్నది 1967లో. బీహారు కరవు సందర్భంగా యునిసెఫ్ సంస్థ గాలితో నడిచే రిగ్గులను తెప్పించింది. రిగ్గు కడ్డీల చివర ఉండే సుత్తిని గాలి ఆడిస్తుంది, ఆ గాలే రాతి పొడిని పైకి ఊదేస్తుంది. వారాల తరబడి సాగే పని ఒకటి రెండు రోజులకు దిగింది. తరువాతి కాలంలో తమిళనాడు తిరుచెంగోడు నుండి వచ్చే బోరు బండ్లు మన పల్లెలకు పరిచయమయ్యాయి.

బోరు వేయడంతో పని తీరలేదు, నీరు పైకి రావాలి. దీనికీ గాలే సాయపడింది. 1797లో కార్ల్ లోషర్ అనే జర్మన్ గనుల నిపుణుడు కనిపెట్టిన పద్ధతి ఇది. నీటి గొట్టం అడుగుకు సన్నని గాలి గొట్టం దించుతారు. గాలి బుడగలు కలిసిన నీరు తేలికై పైకి పొంగుతుంది. లోపల తిరిగే భాగం ఏదీ ఉండదు కనుక ఇసుక వచ్చినా, బోరు వంకరగా ఉన్నా భయం లేదు. ఒకే కంప్రెసర్‌ను రెండు మూడు బోర్లకు మార్చుకోవచ్చు. అందుకే బత్తాయి, నిమ్మ తోటల రైతులకు ఇది అక్కరకు వచ్చింది. 1958లో కిర్లోస్కర్ న్యుమాటిక్, 1960లో కోయంబత్తూరులో ఎల్జీ సంస్థలు మొదలయ్యాక ఇలాంటి యంత్రాలు స్వదేశంలోనే దొరికాయి. కరెంటు ఖర్చు మాత్రం ఎక్కువ. అందువల్లనే సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాక కంప్రెసర్లు చాలాచోట్ల మూలన పడ్డాయి.

ఇలా పక్కన పెట్టిన యంత్రాలు, ఆఫీసులు కండెం చేసి వేలం వేసే యంత్రాలు చౌకగా దొరుకుతాయి. కండెం అయినంత మాత్రాన పనికిరానిదని కాదు, రిటైరైన మనకు ఆ మాట వేరే చెప్పనక్కరలేదు! అయితే కొనేముందు చూడవలసినవి ఉన్నాయి. రిగ్గు మీది పెద్ద కంప్రెసర్ సొంత పొలానికి భారం, డీజిలు తాగేస్తుంది. కరెంటు మోటారుతో నడిచే రెండు దశల చిన్న యంత్రం చాలు. గాలి గొట్టం నీటిలో 60 మీటర్లు మునిగి ఉంటే, బోరు అందుకోవడానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 6 కిలోల ఒత్తిడి కావాలి.

పిస్టన్ రింగులు, వాల్వు ప్లేట్లు మార్చుకోవచ్చు. ప్రాణం మీదికి తెచ్చేది గాలి ట్యాంకు. అడుగున చేరిన నీటితో అది లోపలి నుండి తుప్పు పడుతుంది, పైన కొత్త రంగు మెరుస్తూనే ఉంటుంది. తెలిసిన మెకానిక్ చేత ట్యాంకు రేకు మందం చూపించి, లోపలి గాలంతా పోయేలా నీటితో నింపించి, నడిపే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి పరీక్ష చేయించాలి. గాలితో ఈ పరీక్ష చేయరాదు. నీరు దాదాపు కుదించుకోదు కనుక ట్యాంకు చీలినా ఒత్తిడి చప్పున పడిపోతుంది. గాలి అయితే బాంబులా పేలుతుంది. రేకు పలచబడిన ట్యాంకుకు అతుకు వేయించవద్దు, మార్చేయండి. సేఫ్టీ వాల్వు, ప్రెషర్ గేజీ కొత్తవి పెట్టాలి. ఇంజను ఆయిలు కాక కంప్రెసర్ ఆయిలే పోయాలి. గాలి వెలువడే గొట్టంలో పేరుకున్న మసి వేడికి అంటుకోగలదు, దానిని గీకించాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షను ఒత్తిడి యంత్రాల భద్రత గురించి చెప్పేది. కాని పొలం షెడ్డుకు ఇన్‌స్పెక్టరు రాడు. ఆ బాధ్యత ఇంటి యజమానిదే.

మరొక మాట. కంప్రెసర్ ఉన్న నీటిని తోడుతుందే కాని లేని నీటిని పుట్టించదు. కొత్త బోరుకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. ఆ నీరు తాగేముందు పరీక్ష చేయించాలి. ఫ్లోరైడు వల్ల ఎముకలు దెబ్బతినే జబ్బు మన దేశంలో ఉన్నదని 1937లో వైద్యులు వెల్లడించినది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుండే!

బోర్ల పనులలోనూ, వర్క్‌షాపులలోనూ ఇటువంటి యంత్రాలను నడిపినవారు మన సభ్యులలో ఉంటారు. ఆ లాగ్‌బుక్కులు చాలావరకు చెదలపాలై ఉంటాయి. వారు తమ అనుభవాలను రాసిపెడితే, ఏ యంత్రాన్ని నమ్మాలో, దేనిని పాత ఇనుము కింద అమ్మేయాలో మన పిల్లలకు తెలుస్తుంది.